జుకినీ తురుము నిల్వ

జుకినీ కాయలను తురిమి, కాసేపు ఆవిరి పట్టి, కొలిచి సంచుల్లో సర్ది, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచుకునే పద్ధతి ఇది. ఉత్తర అమెరికాలో పెరటి తోటలున్న ఇళ్లలో జులై నుంచి సెప్టెంబరు దాకా సాగే పని. మంచు పడే నెలల్లో జుకినీ బ్రెడ్, మఫిన్లు, చాక్లెట్ కేకు చేసుకోవడానికి ఈ తురుము అక్కరకొస్తుంది. చూడ్డానికి వంటింటి చిట్కాలా ఉంటుంది గాని, ఇందులో ప్రతి అడుగూ ఒకే చిక్కు చుట్టూ తిరుగుతుంది: కాయలోని నీళ్లు. జుకినీ బరువులో 94, 95 శాతం నీరే. పావు కిలో తురుము తీసుకుంటే అందులో 235 గ్రాముల దాకా నీళ్లు ఉంటాయి. మిగిలిన గుప్పెడు కూడా లేనిదే అసలు కాయ.

కాయ, దాని పేరు

జుకినీ మన గుమ్మడి, సొర, బీర, దోసల కుటుంబానిదే. శాస్త్రనామం కుకుర్బిటా పెపో. ఈ జాతి పుట్టిల్లు మెక్సికో. ఓహాకా లోయలోని గిలా నకిట్జ్ గుహలో దొరికిన గింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివని తేలింది. అంటే ఆ ఖండంలో మొక్కజొన్న కంటే ముందే మనుషులు ఈ జాతిని సాగుచేశారు. అయితే ఇప్పుడు మనం జుకినీ అనే పొడవాటి, సన్నటి, ముదురాకుపచ్చ కాయ మాత్రం అమెరికాలో తయారైంది కాదు. కొలంబస్ తర్వాత యూరప్ చేరిన గుమ్మడి జాతి నుంచి ఉత్తర ఇటలీ తోటమాలులు 19వ శతాబ్దం చివరి రోజుల్లో దీన్ని రూపుదిద్దారు. ఇటాలియన్‌లో 'జుక్కా' అంటే గుమ్మడి. 'జుక్కినా' అంటే చిట్టి గుమ్మడి. 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఇటలీ నుంచి వలసవెళ్లిన వాళ్లతో ఇది అమెరికాకు, అంటే తన పుట్టింటి ఖండానికే, కొత్త పేరుతో తిరిగొచ్చింది. బ్రిటన్‌లో ఫ్రెంచి మాట తీసుకుని 'కూర్జెట్' అంటారు. దక్షిణాఫ్రికాలో 'బేబీ మారో'. తెలుగులో దీనికి సొంత పేరేదీ స్థిరపడలేదు. హైదరాబాదు సూపర్‌మార్కెట్లలో కూడా జుకినీగానే అమ్ముడవుతోంది.

అమెరికన్లు ఈ జాతిని రెండుగా విడదీస్తారు. లేతగా, తొక్కతో సహా తినేవి సమ్మర్ స్క్వాష్. ముదిరి, తొక్క గట్టిపడ్డాక కోసి నెలల తరబడి నిల్వ ఉంచేవి వింటర్ స్క్వాష్. మన తీపి గుమ్మడికాయను ఉట్టిలో పెడితే నెలలు నిలవడానికి ఆ గట్టి తొక్కే కారణం. జుకినీ మొదటి రకం. కోసిన వారం పది రోజుల్లో, ఫ్రిజ్‌లో ఉన్నా సరే, మెత్తబడి జిగురు పడుతుంది. నిల్వ గొడవ ఇక్కడే మొదలవుతుంది.

కాపు ఎక్కువై

జుకినీ పాకే తీగ కాదు, పొదలా పెరుగుతుంది. గింజ నాటిన 45 నుంచి 55 రోజుల్లో తొలి కాయ చేతికొస్తుంది. ఆడపువ్వు అడుగున పిందె ముందే ఉంటుంది. తేనెటీగ వచ్చి పని పూర్తిచేసిందంటే వారం తిరక్కుండానే కోతకొస్తుంది. జానెడు లోపు ఉన్నప్పుడు కోస్తే రుచి. కాని ఆకులు చేటంత ఉంటాయి, కాయ రంగు కూడా ఆకు రంగే. ఒక్కటి కంటబడకుండా తప్పించుకుందంటే నాలుగు రోజుల తర్వాత రోకలిబండంతై కనిపిస్తుంది. కోసినకొద్దీ కొత్త పిందెలు వేస్తుంది. ఇద్దరున్న ఇంటికి ఒక్క మొక్క చాలు. అనుభవం లేనివాళ్లు నాలుగు నాటుతారు.

అందుకే అమెరికాలో జుకినీ మీద హాస్యానికి లోటు లేదు. ఆగస్టులో కారు తలుపులు తాళం వేసుకోవాలి, లేకపోతే ఎవరో ఒకరు వెనక సీట్లో జుకినీలు పడేసి పోతారన్నది పాత జోకు. ఆగస్టు 8ని 'పొరుగువారి వరండాలో గుట్టుగా జుకినీలు పెట్టి వచ్చే రోజు'గా పాటించడం కూడా ఉంది. పెన్సిల్వేనియాకు చెందిన వెల్‌క్యాట్ హాలిడేస్ అనే సంస్థ సరదాగా కల్పించిన పండుగ అది. రచయిత్రి బార్బరా కింగ్‌సాల్వర్ తన కుటుంబం ఏడాదిపాటు స్థానిక పంటల మీదే బతికిన తీరును చెబుతూ 2007లో వెలువరించిన 'యానిమల్, వెజిటబుల్, మిరకిల్'లో కూడా ఈ జుకినీ వరదకు ప్రత్యేకంగా చోటిచ్చారు. పంచిపెట్టినా మిగిలిపోయేదే ఫ్రీజర్‌కు చేరుతుంది.

ఎండ, డబ్బా, మంచు

గుమ్మడి జాతి కాయను శీతాకాలానికి దాచుకోవడం అమెరికాలో కొత్తేమీ కాదు. ఇప్పటి నార్త్ డకోటా ప్రాంతంలో మిస్సోరి నది ఒడ్డున బతికిన హిదాత్సా స్త్రీలు లేత స్క్వాష్‌ను చక్రాలుగా కోసి, విల్లో పుల్లలకు గుచ్చి, ఎత్తైన మంచెల మీద ఎండబెట్టేవారు. ఆ తెగకు చెందిన బఫెలో బర్డ్ ఉమన్ ఆ సేద్యాన్నంతా పూసగుచ్చినట్టు చెబితే గిల్బర్ట్ విల్సన్ రాసుకుని 1917లో ప్రచురించారు. మన ఒరుగులు పెట్టుకునే ఇల్లాలికి ఆ పనిలో ఒక్క అడుగు కూడా కొత్తగా అనిపించదు.

గాజుసీసాల్లో పెట్టి మూతబిగించి ఉడికించే క్యానింగ్ అమెరికన్ పల్లెటూళ్లలో ఇంటింటి విద్య. జుకినీ విషయంలో అది కుదరదు. దీనిలో పులుపు తక్కువ. గాలి చొరని సీసాలో, పులుపు లేనిచోట క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే బాక్టీరియా ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేయగలదు. దాని బీజాలు మామూలు మరుగునీటికి చావవు. ప్రెషర్ క్యానర్‌లో పెట్టినా, మెత్తబడి ముద్దకట్టే ఈ కాయ మధ్యలోకి వేడి ఎంతసేపటికి చేరుతుందో నమ్మకంగా లెక్కగట్టలేక, పాత బులెటిన్లలో ఇచ్చిన సమయాలను అమెరికా వ్యవసాయ శాఖ వెనక్కి తీసుకుంది. వెనిగర్ పోసి ఊరగాయ పెట్టుకోవచ్చు, లేదంటే ఫ్రీజర్. అమ్మమ్మ కాలం నాటి పుస్తకంలో ఉందని ఎవరైనా సాదా జుకినీ సీసాలు చూపిస్తే, అమ్మమ్మ మీద గౌరవం ఉంచుకునే ఆ సీసా పక్కన పెట్టడం మంచిది.

ఫ్రీజర్ అందరిళ్లకూ రావడానికి చాలాకాలం పట్టింది. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ 1912 తర్వాత కొన్నేళ్లు కెనడా తీరంలోని లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, పట్టిన చేప అక్కడి చలిగాలిలో క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండడం గమనించాడు. త్వరగా గడ్డకడితే పదార్థం చెడదన్న ఆ గ్రహింపును యంత్రాలుగా మలిచాడు. ఆయన పేరుతో గడ్డకట్టిన ఆహారం 1930 మార్చి 6న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది. ఆ దశకంలోనే చిన్న ఊళ్లలో 'లాకర్ ప్లాంట్లు' వెలిశాయి. బ్యాంకు లాకరులాగే అద్దె కట్టి, అందులో మాంసం, కూరగాయలు గడ్డకట్టించి పెట్టుకునేవారు. ఇంటి ఫ్రీజర్లు రెండో ప్రపంచయుద్ధం తర్వాతే విరివిగా వచ్చాయి.

తురమడం నుంచి ఫ్రీజర్ దాకా

జార్జియా విశ్వవిద్యాలయంలో ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ హోమ్ ఫుడ్ ప్రిజర్వేషన్ కాల్చే వంటకాలకు వాడే జుకినీ తురుము కోసం విడిగా ఒక పద్ధతి సూచించింది. అమెరికాలో ఇంటి నిల్వల విషయంలో ఈ కేంద్రం మాటే ప్రామాణికం. వాళ్లు చెప్పేది ఇంతే: లేత కాయలు ఎంచుకుని, కడిగి, తురిమి, కొద్దికొద్దిగా ఒకటి రెండు నిమిషాలు ఆవిరి పట్టాలి. తురుము పారదర్శకంగా మారగానే దించి, నీరు వార్చి, కొలిచి డబ్బాల్లో నింపాలి. పైన అరంగుళం ఖాళీ వదిలి, డబ్బాలను చన్నీళ్లలో ఉంచి చల్లార్చి, మూతపెట్టి గడ్డకట్టించాలి.

చెప్పినంత తేలికగానే ఉంటుంది గాని, కళ్లతో చూస్తే తప్ప అర్థంకానివి కొన్ని ఉన్నాయి. కాయను గ్రేటరు పెద్ద కన్నాల వైపు పెట్టి తురిమితే తెల్లటి పోగులు, వాటి అంచున తొక్క తాలూకు ఆకుపచ్చ చారలు పడతాయి. రెండో కాయ పూర్తయ్యేసరికే గిన్నె అడుగున నీరు ఊరుతుంది. ఆవిరి మీద పెట్టిన తొలి అరనిమిషం ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత తెల్లటి పోగు నానిన సగ్గుబియ్యంలా ఒక్కసారిగా నిగనిగలాడుతుంది, పచ్చరంగు ఇంకాస్త తేటపడుతుంది. దించాల్సింది అప్పుడే. గిన్నె నిండా కుక్కితే అడుగున ఉన్నది ఉడికి పేస్టవుతుంది, మీద ఉన్నది పచ్చిగానే మిగులుతుంది. కొద్దికొద్దిగా అని చెప్పడం అందుకే.

రోకలిబండంత ముదిరిన కాయను కూడా వదలక్కర్లేదు. తొక్క చెక్కి, నిలువునా చీల్చి, గింజలూ దూదిలాంటి గుజ్జూ చెంచాతో గీకేసి, గట్టి కండను మాత్రం తురమాలి. కూరకు పనికిరాని కాయకు ఇంతకంటే మంచి గతి లేదు.

ఆవిరి పట్టడం దేనికంటే, కాయలోని ఎంజైముల కోసం. కోసిన తర్వాత కూడా అవి పనిచేస్తూనే ఉంటాయి. ఫ్రీజర్ చలికి వాటి వేగం తగ్గుతుందే తప్ప ఆగదు. రంగు మాసిపోవడం, ఎండుగడ్డి వాసన రావడం వాటి చలవే. పైగా తురిమినప్పుడు కణాలు చిరిగి, ఎంజైములూ అవి పనిచేసే పదార్థాలూ ఒకచోట కలిసిపోతాయి. చక్రాలుగా కోసిన కాయ కంటే తురిమిన కాయ తొందరగా పాడవడానికి కారణం ఇదే. ఇంత తెలిసీ చాలామంది ఆవిరి పట్టకుండా పచ్చి తురుమునే సంచుల్లో వేసేస్తారు. దాల్చినచెక్క, పంచదార, నూనె బాగా పడే కేకులో, అదీ రెండు మూడు నెలల్లోపు వాడేస్తే, ఆ తేడా పట్టుకోవడం కష్టమే. మార్చి దాకా ఉంచాలనుకుంటే మాత్రం ఆ రెండు నిమిషాలకు బద్ధకించకూడదు.

కొలత దగ్గర ఇల్లాళ్లు చేసే తెలివైన పని, ఒక్కో సంచిలో ఒక్క వంటకానికి సరిపడేంతే పెట్టడం. అమెరికన్ కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. బ్రెడ్‌కు ఎక్కువగా రెండు కప్పుల తురుము కావాలి కాబట్టి సంచికి రెండు కప్పులు. మూటలా పెట్టకుండా, సంచిలో గాలి పిండేసి, అరచేత్తో తట్టి పలకలా పల్చగా చేస్తారు. గడ్డకట్టాక పుస్తకాల్లా నిలువుగా పేర్చుకోవచ్చు.

మంచు చేసే పని

పలకలా చేయడం చోటు కలిసిరావడానికి మాత్రమే కాదు. కాయలోని నీరు చాలావరకు సున్నాకు కింద 1 నుంచి 5 డిగ్రీల మధ్యలో మంచవుతుంది. ఆ మెట్టు త్వరగా దాటితే సన్నటి పలుకులు లెక్కలేనన్ని ఏర్పడతాయి. నెమ్మదిగా దాటితే కొద్ది పలుకులే పుట్టి, కణాల్లోంచి నీరు లాక్కుంటూ పెద్దవై, కణాల గోడలను చీలుస్తాయి. లాబ్రడార్ గాలికి ఉన్న వేగం ఇంటి ఫ్రీజర్‌కు లేదు. పల్చటి పలక అయితే చలి మధ్యకు తొందరగా చేరుతుంది. ఒక్కరోజులో ఫ్రీజర్‌లో ఘనపుటడుగుకు కిలో, కిలోన్నర మించి కొత్త సరుకు పెట్టవద్దనే నియమం కూడా ఇందుకే. పదిహేను సంచులు ఒక్కసారే కుక్కేస్తే ఫ్రీజర్ లోపలే వేడెక్కి అన్నీ నత్తనడకన గడ్డకడతాయి. సున్నాకు కింద 18 డిగ్రీల దగ్గర ఉంచితే ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా తురుము బాగుంటుంది. ఆ తర్వాత విషమేమీ కాదు, రుచి తగ్గుతుంది. సంచిలో గాలి మిగిలితే మంచు ఆవిరై, తురుము అంచులు తెల్లగా ఎండి పీచుకడతాయి. దాన్ని అక్కడివాళ్లు 'ఫ్రీజర్ బర్న్' అంటారు.

ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని కణాలు చిరుగుతాయి. కరిగించిన తురుము కూరకు అంతగా పనికిరాకపోవడానికి కారణం అదే. కరకర పోతుంది, నీరు వదిలేస్తుంది. కేకుకు కరకర అక్కర్లేదు, కనక నష్టం లేదు.

కరిగిన నీళ్లు ఏం చేయాలి

సంచిని రాత్రి ఫ్రిజ్‌లోకి మారిస్తే తెల్లారేసరికి కరుగుతుంది. వంటింటి గట్టుమీద గంటలతరబడి వదిలేయకూడదు. తీసి చూస్తే పోగులన్నీ ఒక మూలకు చేరి, చుట్టూ లేతాకుపచ్చ నీరు నిలిచి ఉంటుంది. ఈ నీటి మీద ఏకాభిప్రాయం లేదు. జార్జియా కేంద్రం పారబోయమంటుంది. పోషకాలు పోతాయని మొత్తం పిండిలో పోసేసేవాళ్లున్నారు. గుడ్డలో వేసి చుక్క మిగలకుండా పిండేవాళ్లూ ఉన్నారు.

వంటకాన్ని రాసినవాళ్లు ఏ తురుమును మనసులో పెట్టుకున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. చాలా వంటకాలు పచ్చి తురుమును పిండకుండా కలపమంటాయి. పచ్చి తురుము తన నీటిని పొయ్యిలో నెమ్మదిగా వదులుతుంది. పిండి దాన్ని అప్పుడప్పుడే పీల్చుకుంటుంది. గడ్డకట్టి కరిగినదైతే ఆ నీరు ముందే బయటికొచ్చేసి ఉంటుంది. అదంతా పోస్తే పిండి మొదట్లోనే జారుగా మారి, బ్రెడ్ మధ్యలో ఉడకక జిగటగా మిగులుతుంది. గట్టిగా పిండేస్తే రెండు కప్పులు కాస్తా గుప్పెడై, బ్రెడ్ మర్నాటికే ఎండిపోతుంది. జల్లెడలో వేసి దానంతటది కారినంత కారనివ్వడం, ఆ నీటిని పక్కన ఉంచుకోవడం, పిండి మరీ బిగుతుగా అనిపిస్తే ఒక్కో చెంచా తిరిగి పోసుకోవడం అన్నిటికంటే నయం. ఒక్క సంగతి గుర్తుండాలి: రెండు కప్పులన్న కొలత గడ్డకట్టించక ముందుది. కరిగాక తగ్గిందని ఇంకో సంచి విప్పితే లెక్క తప్పుతుంది.

బ్రెడ్ అనే కేకు

జుకినీ బ్రెడ్‌లో ఈస్టు ఉండదు. వంటసోడా, బేకింగ్ పౌడరుతో అప్పటికప్పుడు పొంగే 'క్విక్ బ్రెడ్'ల వర్గానికి చెందింది. క్యారెట్ కేకు, అరటిపండు బ్రెడ్ దీనికి అక్కల్లాంటివి. అమెరికాలో 1970లలో పెరటి తోటల మోజు పెరిగినప్పుడు ఇది ఇంటింటి వంటకమైంది. ప్రసిద్ధ పాకశాస్త్ర రచయిత జేమ్స్ బియర్డ్ 1973లో ప్రచురించిన 'బియర్డ్ ఆన్ బ్రెడ్'లో కూడా దీనికి చోటు దక్కింది. రెండు రొట్టెలకు సాధారణంగా మూడు కప్పుల మైదా, రెండు కప్పుల పంచదార, మూడు గుడ్లు, కప్పు నూనె, రెండు కప్పుల తురుము, దాల్చినచెక్క పొడి, అక్రోటు పలుకులు పడతాయి. 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు కాలుతుంది. పైభాగం మధ్యలో నిలువునా పగులుతుంది; కోసిన ముక్కలో ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. కాయ రుచి మాత్రం వెతికినా దొరకదు. అది తెచ్చేది చెమ్మ ఒక్కటే. తురుము పట్టి ఉంచిన నీటి వల్ల మూడు నాలుగు రోజులైనా రొట్టె మెత్తగా ఉంటుంది.

కూరగాయ పడింది కదా అని దీన్ని ఆరోగ్యం ఖాతాలో రాసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. పైన చెప్పిన పంచదార, నూనె మరోసారి చదివితే చాలు. ఇది కేకు. మంచి కేకు.

తెలుగు ఇళ్లలో

ఆంధ్ర, తెలంగాణల్లో ఈ నిల్వతో అవసరం లేదు. సొర, బీర ఏడాది పొడుగునా సంతకొస్తాయి. కాని గుమ్మడి జాతి నీటితో తగువు మనకూ పాతదే. బూడిద గుమ్మడి వడియాలు పెట్టేటప్పుడు ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా బరువు కింద ఉంచుతారు. తెల్లారి నీరు కారిపోయాకే మినప్పిండిలో కలుపుతారు. అక్కడ మిగిలిన తడిని ఎండ తీసేస్తుంది.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు జుకినీ మొదట సొరకాయకు, బీరకాయకు బదులుగా పరిచయమవుతుంది: పప్పులో, పచ్చడిలో, పెసరపప్పు వేసిన కూరలో. గడ్డకట్టిన కొబ్బరి తురుము ఎలాగూ ఆ ఫ్రీజర్లలో ఉండనే ఉంటుంది. దాని పక్కన జుకినీ తురుము చేరడం పెద్ద మార్పేమీ కాదు. బ్రెడ్ ఇష్టంలేని ఇంట్లో దీనికి దివ్యమైన ఉపయోగం సర్వపిండి. తెలంగాణలో సొరకాయ తురుముతో చేసే సర్వపిండిలో సొరకు బదులు దీన్ని వేసి, కరిగిన నీటితోనే బియ్యప్పిండి తడిపితే సరిపోతుంది. పారబోయాలా వద్దా అన్న ప్రశ్నే రాదు.

చేదు కాయ

గుమ్మడి కుటుంబపు అడవి మొక్కల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఎక్కువ. సాగులో మనుషులు చేదు లేని మొక్కలనే ఎంచుకుంటూ వచ్చారు. అలంకారానికి పెంచే చేదు గుమ్మళ్ల పుప్పొడి సోకిన కాయ నుంచి గింజలు దాచి, మరుసటి ఏడు నాటితే మాత్రం ఆ చేదు తిరిగి రావచ్చు. చేదు కాయ తింటే తీవ్రమైన వాంతులు, విరేచనాలు అవుతాయి. 2015లో జర్మనీలో పొరుగింటి తోట నుంచి వచ్చిన జుకినీ వండుకుని తిన్న 79 ఏళ్ల వృద్ధుడు మరణించాడు. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలమీదికి తెచ్చుకున్న సంఘటనల తర్వాత, భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు చేదుగా ఉన్న రసాన్ని తాగనే వద్దని హెచ్చరించారు.

ఈ చేదు వండితే పోదు, గడ్డకట్టిస్తే పోదు. తురుములో కలిసిందంటే ఏ కాయదో చెప్పలేం. బ్రెడ్‌లో పంచదార దాన్ని కొంత కప్పేస్తుంది కూడా. దోసకాయ తరిగే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసే అలవాటు మనకు ఉన్నదే. గ్రేటరు పట్టుకునే ముందు ప్రతి జుకినీకీ అదే చేయండి. చేదు తగిలితే ముక్కను ఉమ్మేసి, కాయను చెత్తలో పడేయండి.